కోనసీమ: గైడు పుస్తకాల్లో లేని లంకలు

మొన్న ఆగస్టులో అయిదుగురు మిత్రులం కలిసి కోనసీమ వెళ్ళొచ్చాం. అందరం అరవై దాటినవాళ్ళమే. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, అత్తమామల సేవలు అన్నీ అయిపోయాక ఇప్పుడు దొరికింది మాకు తిరగడానికి తీరిక. వెళ్ళేముందు కంచన్‌బాగ్‌లో మా ఇంట్లో పోగుపడిన గైడు పుస్తకాలూ, టూరిజం కరపత్రాలూ, వారపత్రికల యాత్రా ప్రత్యేక సంచికలూ అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన అలవాటు ఊరికే పోతుందా? చేతిలో పెన్సిలు లేకుండా ఏ కాగితమూ చదవలేను. గీతలు గీస్తూ పోతే ఒక విషయం అర్థమైంది. ఆ కాగితాలన్నిట్లోనూ కోనసీమ ఒక ఆడది!

ఆకుపచ్చ చీర కట్టిన పడుచు. గోదారమ్మ ముద్దుల కూతురు. సముద్రుడి కోసం ముస్తాబైన పెళ్ళికూతురు. ఏ పుస్తకం తెరిచినా ఈ మాటలే కొంచెం అటూ ఇటూగా. ఈ పడుచుకి వయసు ఎప్పటికీ పదహారు దాటదు. సన్నని నడుం ఉంటుంది, వాలుజడ ఉంటుంది, పమిటచెంగు గాలికి ఎగురుతూ ఉంటుంది. చేతులు మాత్రం ఉండవు. ఉన్నా వాటికి పనుండదు. చూసేవాడికోసం నిలబడి ఉండటమే ఆమె పని.

ఇలా రాసేది మగవాళ్ళే కదా అని తీసిపారేద్దామంటే, అక్కడే నా నోరు మూతపడింది. ఆ కాగితాల కట్టలో 2006లో నేను రాసిన వ్యాసం కూడా ఉంది. స్త్రీవాదం గురించి సభల్లో మాట్లాడుతూ తిరిగే రోజుల్లోనే, కోనసీమని 'ప్రకృతి కాంత' అని రాశాను నేను. దాని కింద పెన్సిలుతో గీత గీస్తుంటే చెయ్యి వణికింది. ఎందుకంటే ఆ వ్యాసం మొదటిసారి చదివినావిడ మా అమ్మ.

మా అమ్మ పుట్టింది గోదావరి లంకలో. నాన్నకి ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో 1974లో కంచన్‌బాగ్ వచ్చింది. ఆ తర్వాత నలభై అయిదేళ్ళు బతికింది కానీ, పుట్టింటికి వెళ్ళింది వేళ్ళమీద లెక్కపెట్టేటన్నిసార్లే. నా వ్యాసం అచ్చయిన పత్రిక తెచ్చి చేతిలో పెడితే, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. చదివి మడిచి పక్కన పెట్టి, "బాగానే రాశావే అమ్మాయ్. మీ పెద్దమ్మ ఏదీ ఇందులో?" అంది.

అంతే. ఇంకొక్క మాట మాట్లాడలేదు.

పెద్దమ్మని నేను చూడలేదు. నేను పుట్టకముందే, ఓ శ్రావణంలో, రెండో కాన్పు నొప్పులతో పోయింది. ఏరు పొంగి ఉంది. పడవ కట్టడానికి సరంగు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా ఆ సుడుల్లో పడవ నిలిచేది కాదట. మంత్రసాని చేతులెత్తేసింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున కనిపిస్తూనే ఉండేదని అమ్మ చెప్పేది. లాంతరు వెలుగు కూడా కనబడేదట. ఒక రాత్రీ ఒక పగలూ ఆ వెలుగు చూస్తూ పోయింది పెద్దమ్మ. ఈ కథ నాకు చిన్నప్పట్నించీ తెలుసు. తెలిసీ, ఆ ఏటిని సముద్రుడి కోసం పరుగులు తీసే ప్రేయసి అని రాశాను! అమ్మ 2019లో పోయింది. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పటికీ బాకీయే. ఈ వ్యాసం ఆ బాకీలో ఒక వాయిదా.

అసలు దీవి అంటే ఏమిటి? చుట్టూ నీళ్ళున్న నేల అని చిన్నప్పుడు పాఠం చెప్పారు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠ లోంచి వైనతేయ మరో పాయగా విడిపోతుంది. ఈ పాయలకీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ముక్కోణపు నేల కోనసీమ. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టాక కాలవలొచ్చాయి, కాలవల వెంట వరి వచ్చింది, వరితో పాటు డబ్బూ వచ్చింది. వంతెనలు మాత్రం తాపీగా వచ్చాయి. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన 2002లో గానీ రాలేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి రైలు మార్గం 2000–01 బడ్జెట్లో మంజూరైంది. పాతికేళ్ళు దాటినా అమలాపురంలో రైలు కూత వినబడలేదు. మేం కూడా గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి దిగి, రావులపాలెం మీదుగా కారులో వెళ్ళాం.

గైడు పుస్తకాలు ఈ దూరాన్నే అందం అంటాయి. 'ప్రపంచానికి దూరంగా' అనేది వాళ్ళకి ఇష్టమైన మాట. రెండ్రోజులుండి పోయేవాడికి ప్రపంచం దూరంగా ఉంటే హాయిగానే ఉంటుంది. నెలలు నిండిన మనిషికి ప్రపంచం దగ్గరగా ఉండాలి. ఒకే నీరు ఒకరికి దృశ్యం, ఒకరికి గోడ. యాత్రా సాహిత్యాన్ని మనం విమర్శ చెయ్యాలంటే మొదట అడగాల్సింది, ఈ నీటిని ఏ ఒడ్డు మీద నిలబడి చూస్తున్నారు అనే.

ఇక చూసినవి చెప్తాను. గొప్పలు నిజమా కాదా అని ఒక్కొక్కటే.

పచ్చదనం నిజం. అందులో ఒక్క అక్షరం అతిశయోక్తి లేదు. రావులపాలెం దాటగానే రెండువైపులా కాలవలు, అరటితోటలు, కొబ్బరిచెట్లు... మా బండలూ ఎండలూ చూసి చూసి ఎండిపోయిన కళ్ళకి నిజంగానే చలవ చేసింది. మాలో ఒకావిడ కారు ఆపించి కాలవగట్టు మీద పది నిమిషాలు ఊరికే కూర్చుంది. దాన్ని నేను కాదనను. అందాన్ని అనుభవించడం తప్పని చెప్పే స్త్రీవాదం నాకు తెలీదు. కాకపోతే ఆ చెట్లకి కూడా చరిత్ర ఉంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు విరిగిపడ్డాయి. కొబ్బరిచెట్టు పడిపోతే మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఏ గైడు పుస్తకం రాస్తుంది?

దిండి హౌస్‌బోట్లు. కేరళతో పోలిక మొదలయ్యేది ఇక్కడే. మేం వెళ్ళిన వారం ఎగువన వానలు పడి గోదావరికి వరదొచ్చింది, బోట్లు ఆపేశారు. ఆపడం సరైన పనే. కానీ నేను చదివిన ఒక్క కాగితంలోనూ శ్రావణ భాద్రపదాల్లో వరదొస్తుందనీ, అప్పుడు బోట్లు తిరగవనీ లేదు. పైగా వానాకాలంలో కోనసీమ మరింత అందం అని ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. వరద ఇక్కడ అనుకోని అతిథి కాదు, ఏటా వచ్చే ఇంటి మనిషి. బ్రోషర్‌లో మాత్రం దానికి చోటు లేదు.

హౌస్‌బోటు ఎక్కలేకపోయాం కనుక కనకాయలంక వైపు వెళ్ళాం. చాకలిపాలెం నుంచి ఆ లంకకి వెళ్ళే కాజ్‌వే వరదొస్తే మునిగిపోతుంది. అప్పుడు పడవలే దిక్కు. మేం ఒడ్డున నిలబడి చూస్తుండగానే ఒక పడవ వచ్చింది. అందులో పాలక్యాన్లు, ఓ మోటారు సైకిలు, స్కూలు యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు, ఓ నిండు గర్భిణి. ఆ అమ్మాయిని వాళ్ళమ్మ చెయ్యిపట్టి దించుతోంది. "ఏవమ్మా, ఆస్పత్రికా?" అని అడిగాను. "లేదండీ, ఇంకా ఇరవై రోజులుంది. వరద పెరిగితే దాటలేం కదండీ, ముందే మా చెల్లెలింటికి తీసుకుపోతున్నానండి ఆయ్" అంది తల్లి. ఆ ఇరవై రోజుల జాగ్రత్త చూసి నా కళ్ళు చెమర్చాయి. పెద్దమ్మకి అలా దించే చెయ్యి దొరకలేదు. అరవై ఏళ్ళకి పైగా గడిచిన కాలంలో వచ్చిన మార్పు పెద్దదే. అయినా ఆ మార్పుని మోస్తున్నది ఇంకా ఆడవాళ్ళ ముందుచూపే గానీ, వంతెన కాదు.

అంతర్వేది. వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు. సంగమం దగ్గర ఇసుక మేటని అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. అక్కడ నిలబడితే ఏటినీరూ ఉప్పునీరూ రెండు రంగుల్లో కనిపించడం నిజంగా చూడదగ్గ సంగతి. ఇది గొప్పకి తగ్గట్టే ఉంది. స్థలపురాణం మాత్రం గైడు పుస్తకాలు సగమే చెప్తాయి. రక్తవిలోచనుడి నెత్తురు నేలమీద పడితే ఇసుక రేణువుకొక రాక్షసుడు పుడతాడు. నరసింహస్వామి వాణ్ణి చంపాలంటే నెత్తురు కింద పడకుండా ఎవరో పట్టాలి. నాలుక చాపి పట్టింది అశ్వరూఢాంబిక, ఊళ్ళోవాళ్ళు పిలిచే పేరు గుర్రాలక్క. పుస్తకాల్లో స్వామి కల్యాణానికీ రథానికీ పేజీలకి పేజీలు. గుర్రాలక్కకి ఒక వాక్యం, ఒక్కోసారి అదీ లేదు. యుద్ధం గెలిచింది ఒకరు, నెత్తురు శుభ్రం చేసింది ఒకరు. ఎంత తెలిసిన కథ! రథోత్సవం నాడు అన్నగారి రథం చెల్లెలి గుడిదాకా వెళ్ళి చీరె పెట్టి రావడం ఆనవాయితీ. మనకి దక్కే గుర్తింపు ఏడాదికో చీరె.

మరుగుదొడ్ల సంగతి రాయకపోతే ఇది ఆడవాళ్ళ వ్యాసమే కాదు. ఓ రేవులో పంటు కోసం గంటన్నర కూర్చున్నాం. మగవాళ్ళు కొబ్బరిచెట్ల చాటుకి వెళ్ళొచ్చారు. మేం అయిదుగురం ఉదయం నుంచీ నీళ్ళు తాగడం మానేసి కూర్చున్నాం, వాళ్ళలో ఇద్దరికి షుగరు. చివరికి రేవు పక్కన చేపలమ్మే ఆవిడ వాళ్ళింటికి తీసుకెళ్ళింది. ఏ గైడు పుస్తకంలోనైనా ఆడవాళ్ళు ఎక్కడ పోయాలో రాసి ఉందా? 1870ల్లోనే ఇంగ్లండు వెళ్ళొచ్చి రాసిన పోతం జానకమ్మ దగ్గర్నుంచి, 'కాశ్మీర దీపకళిక' రాసిన నాయని కృష్ణకుమారి దాకా మనకి యాత్ర చేసిన స్త్రీల పరంపర ఉంది. ఆ పరంపర ఉన్నా, యాత్రికుడు అనగానే ఎక్కడైనా నిలబడి పోయగలిగిన మనిషే ఇప్పటికీ గుర్తొస్తాడు.

ఇక పులస. 'పుస్తెలమ్మయినా పులస తినాలి' అన్న సామెత ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది, దాన్ని చదివి అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను ఎన్నోసార్లు. ఈసారి ఆ చేపలమ్మే ఆవిడ ముందు ఆ సామెత అంటే ఆవిడ నవ్వలేదు. "అమ్మేవి ఎవరి పుస్తెలండీ? తినేదెవరండీ?" అంది. సాహిత్య విమర్శ మీద నేను విన్న ఉపన్యాసాల్లో ఇంత సూటి ప్రశ్న తక్కువ. పుస్తెలు ఆవిడవి, నాలుక ఇంకొకరిది. పైగా ఆ చేప ఏం చేస్తోంది? గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి బయల్దేరి ఎర్రనీటికి ఎదురీదుతోంది. కడుపుతో ఉన్నదాన్ని పట్టి వేలకి వేలు పలికించడమే సీజను. రుచి మాటకొస్తే, ముళ్ళు తీసుకునే ఓపికుంటే బాగుంటుంది. పుస్తెలమ్మేంత ఏమీ కాదు. చింతపులుసులో రాత్రంతా ఊరిన కూరకి ఆ రుచి వండిన చేతిది కూడా.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చి తీరాలి. కానీ చూస్తే తెలుస్తుంది అది ఎంత పనో. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి పిండినీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే పొర ఏర్పడుతుంది. చిరక్కుండా వేళ్ళతో తీయాలి. పొగ, సెగ, వంగిన నడుం. మేం మాట్లాడిన ఆవిడ చూపుడు వేలి చర్మం అద్దంలా నున్నగా ఉంది. మధ్యలో ఆరేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసొచ్చిందట. "అక్కడ ఏసీలో ఏడ్చాను, ఇక్కడ పొగలో ఏడుస్తున్నానండి" అని నవ్వింది. గోదావరి జిల్లాల నుంచి గల్ఫుకి ఇంటిపనికి వెళ్ళే స్త్రీల సంగతి అందరికీ తెలిసిందే. ముప్ఫై ఏళ్ళ లోపువాళ్ళని ఆ పనికి పంపకూడదని ప్రభుత్వ నిబంధన. నిబంధన తప్పించుకుని విజిటింగ్ వీసాల మీద పంపే ఏజెంట్లకీ కొదవ లేదు. 'భూతల స్వర్గం' అని పుస్తకాల్లో చదివిన నేల నుంచి ఆడవాళ్ళు ఎడారికి ఎందుకు పోతున్నారు? ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, బ్రోషర్ చిరిగిపోతుంది.

'ప్రశాంత కోనసీమ' అన్న మాట మీద కూడా గీత గీశాను. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. బావిలో బ్లోఅవుట్ జరిగింది. ఆ మంట అరవై అయిదు రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఈ కొబ్బరితోటల కింద గ్యాస్ ఉంది, దాని మీద నిద్రపోయే మనుషులున్నారు. 2011లో ఇక్కడి రైతులు సాగు గిట్టుబాటు కాక పంటవిరామం ప్రకటించారు. 2022లో కొత్త జిల్లాకి అంబేద్కర్ పేరు కలపాలన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. మంత్రి ఇల్లే కాలింది. పేరు కలిపారు, నిలిచింది. కానీ ఆ పేరుని చూసి అంత మండిపోయిన నేలని 'సంస్కృతికి పుట్టిల్లు' అని ఒక్క మాటలో ఎలా సరిపెడతాం? గైడు పుస్తకాలు అగ్రహారాలని వరసగా చెప్తాయి. పేటల్ని చెప్పవు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నై' అని పుస్తకం రాస్తే 1975లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. కోనసీమకి అసలైన గైడు పుస్తకాల్లో అదొకటి. ఏ టూరిస్టు దుకాణంలోనూ అది నాకు కనబడలేదు.

మరైతే కోనసీమ గొప్పలకి తగ్గట్టు లేదా? నా తీర్పు ఇది: నేల తగ్గట్టే ఉంది, పుస్తకాలే లేవు. ఆ నేల పుస్తకాలు చెప్పినదానికన్నా పెద్దది, కష్టమైనది, తెలివైనది. మునిగిపోయే కాజ్‌వే మీద ఇరవై రోజుల ముందు లెక్కతో నడిచే తల్లి అక్కడుంది. సామెతని తిరగేసి అడిగే చేపలావిడ ఉంది. వాళ్ళని తీసేసి చెట్లని మాత్రమే చూపిస్తే అది ఏ ఊరైనా కావచ్చు, కేరళ కూడా కావచ్చు. అందుకే కాబోలు 'ఆంధ్రా కేరళ' అన్న పేరు అంత తేలిగ్గా అతుక్కుంది!

మా పక్కవీధిలో, హాఫిజ్ బాబానగర్ వైపు, జాకెట్లు కుట్టే ఓ ఆవిడ ఉంది. ఆవిడ చెల్లెలు దుబాయ్‌లో పనిచేస్తుంది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు తెగినప్పుడు వాళ్ళింట్లో మంచం మునిగేదాకా నీళ్ళొచ్చాయి, కుట్టుమిషను పాడైపోయింది. నేను తిరిగొచ్చాక ఫోటోలు చూపిస్తే గోదావరి వరద ఫోటో దగ్గర ఆగిపోయింది. "ఆపా, ఇత్తా పానీ? వహాఁ ఔరతాఁ క్యా కర్తే?" అంది. ఇంత నీళ్ళుంటే అక్కడి ఆడవాళ్ళు ఏం చేస్తారు అని! ఫోటోలు చూసినవాళ్ళందరూ ఎంత అందమో అన్నారు. నీళ్ళు ఇంట్లోకి వచ్చిన మనిషి ఒక్కతే ఈ ప్రశ్న అడిగింది. మా అమ్మ అడిగిందీ ఇంచుమించు ఇదే కదా.

తర్వాత తనే, కూతుళ్ళిద్దర్నీ తీసుకుని ఒకసారి సముద్రం చూడాలని ఉంది, అక్కడికి వెళ్ళొచ్చా అని అడిగింది. వెళ్ళమన్నాను. వరదలు తగ్గాక, డిసెంబరులోనో జనవరిలోనో వెళ్ళమన్నాను. చీకటి పడ్డాక పంటు కోసం ఆగొద్దనీ, ఏ రేవులో ఆగినా ముందు చేపలమ్మే ఆడవాళ్ళని పలకరించమనీ, ఆత్రేయపురంలో పూతరేకులు కొంటే బేరం ఆడొద్దనీ చెప్పాను. అంతర్వేదిలో రెండు నీళ్ళు కలిసే చోటు పిల్లలకి చూపించమన్నాను. అన్నీ ఓ కాగితం మీద రాసిమ్మంది. తనకి తెలుగు చదవడం రాదు కానీ పెద్దకూతురికి వచ్చు.

రాసిచ్చాను. ఒక పేజీ అయింది. అందులో చీర కట్టిన పడుచు లేదు. చివర, కనకాయలంక వైపు వెళ్తే ఒడ్డున ఒక్క నిమిషం ఆగమని రాశాను. ఎందుకో ఆ అమ్మాయి అడిగితే పెద్దమ్మ కథ చెప్తాను.